సంతకం ప్యాడ్ రివ్యూ: తమ్ముణ్ని పట్టేసింది, నాన్ననూ ఆపేసింది

అందరికీ నమస్కారం. ఈరోజు టేబుల్ మీద ఉన్నది వాకామ్ ఎస్‌టీయూ-430 సంతకం ప్యాడ్, అంటే కంప్యూటర్‌కు తగిలించి, తెర మీద పెన్నుతో సంతకం పెట్టే చిన్న పలక. ముందే చెప్పేస్తున్నా, దీన్ని నేను కొనలేదు. ఒక డీలర్ మూడు వారాలు వాడి చూడమని ఇచ్చారు. 4.5 అంగుళాల తెర, 1024 స్థాయిల ఒత్తిడి... స్పెక్స్ మీరు ఈపాటికే చూసుంటారు, వదిలేస్తున్నా.

నాకు బాగా నచ్చింది పెన్ను. బ్యాటరీ లేదు. ఇంతకుముందు వాడిన చవక ప్యాడ్ మీద పెన్ను జారిపోయేది, ఇది కాగితం మీద రాసినట్టే ఉంది. పెన్ను ఎక్కడుంది, ఎంత నొక్కాం అన్నది సెకనుకు 200 సార్లు నమోదవుతుంది. నేను తెలుగులో సంతకం చేస్తా. నా పేరులో 'స్వ' ఉంది. ముందు వత్తు పెట్టేసి, తలకట్టు చివర్లో కొడతా. కాగితం మీద ఆ వరస ఎవరికీ కనపడదు. దీనికి తెలుస్తుంది!

మా తమ్ముడు అరగంట కూర్చుని నా సంతకం దించాడు. అచ్చుగుద్దినట్టు ఉంది. పదిసార్లు పెట్టాడు, నా సంతకం కాదని పదిసార్లూ తిప్పికొట్టింది. చూసి రాసే చెయ్యి మలుపు మలుపుకీ ఆగుతుంది కదా. మనమూ రోజూ ఒకే వేగంతో రాయం, నిజమే. అందుకే ఒక సంతకాన్ని సాగదీసి, కుదించి రెండోదానితో పోల్చే డైనమిక్ టైమ్ వార్పింగ్ అనే లెక్క ఒకటుంది. అన్నట్టు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో పత్రాల మీద డిజిటల్ సంతకం పెట్టే ఈ-సైన్ ఇది కాదు. అందులో మీ చేతిరాతను ఎవరూ చూడరు.

ఇక నా బాధ. ప్యాడ్ రికార్డు చేస్తుందంతే, అవునో కాదో తేల్చేది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్. నేను వాడింది వేరే కంపెనీ ట్రయల్. నాన్నకు 74 ఏళ్లు, చెయ్యి కాస్త వణుకుతుంది. రెండేళ్ల క్రితం సంతకం తేడా అని బ్యాంకులో చెక్కు వెనక్కిచ్చారు. ఆ రాత్రి సగం నోటుబుక్కు సంతకాలతో నింపేశారు. ఇక్కడ పొద్దున ఐదు సంతకాలు నమోదు చేయించా. సాయంత్రం పదిలో నాలుగు పోయాయి. "నా సంతకం నాది కాదా రా?" అన్నారు. సంతకాలు ఎంత కచ్చితంగా కలవాలన్న గట్టితనం సాఫ్ట్‌వేర్‌లో తగ్గించి చూశా, నాన్నవి అన్నీ పాసయ్యాయి. కానీ తమ్ముడి దొంగ సంతకం కూడా ఒకటి దూరిపోయింది. పోనీ కొత్త సంతకాలు చూసి అదే నేర్చుకుంటుందా అంటే, లేదు.

ప్యాడ్ కొనండి, ధైర్యంగా చెబుతున్నా. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం పెద్దవాళ్లు వచ్చే కౌంటర్‌లో పెట్టకండి. ఏది వాడినా నమోదు ఒక్క పూటలో ముగించొద్దు. నాన్నకు మూడు రోజులు, పొద్దునా సాయంత్రం తీసుకుని మళ్లీ నమోదు చేశా. గట్టితనం మొదటిలాగే ఉంచా. ఈసారి పదిలో ఒక్కటే పోయింది.