డీజే మోతకు పసుపు మందవుతుందా?

[దృశ్యం: పెళ్లి బరాత్. డీజే బాక్సులు. సౌండ్ టక్కున ఆగుతుంది. వెనకాల సన్నగా ‘కుయ్య్’ మని మోత.]

బాక్సు పక్కనే రెండు గంటలు ఎగిరి, ఇంటికొచ్చి పడుకున్నాక ఈ కూత వినే ఉంటారు. పొద్దుటికి తగ్గుతుంది. కానీ దెబ్బ అంతటితో ఆగిందనుకోవద్దు.

[బొమ్మ: నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి చెవి]

ఇక్కడ ఒక్కో చెవికి సుమారు 15 వేల కేశ కణాలుంటాయి. శబ్దాన్ని పట్టి మెదడుకు చేరవేసేవి ఇవే. కోడికి ఇవి పోయినా మళ్లీ మొలుస్తాయి. మనకు ఆ యోగం లేదు. పెద్ద మోతకు వీటిలో ఫ్రీ ర్యాడికల్స్, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు, పుడతాయి. గినీ పందుల్లో చూస్తే, మోత ఆగిన 7 నుంచి 10 రోజులకు అవి బాగా ఎక్కువయ్యాయి. అంటే మందు పనిచేయడానికి కాస్త వ్యవధి ఉందన్నమాట. పసుపులోని కర్క్యుమిన్‌కు ఫ్రీ ర్యాడికల్స్‌ను అణిచే గుణం ఉంది. అందుకే దాని మీద ఆశ. 2017లో టర్కీ పరిశోధకులు ఎలుకల మీద ప్రయత్నిస్తే, మోత దెబ్బ తగ్గినట్టు కనిపించింది.

మరి ఎలుకకు వినపడిందో లేదో ఎలా తెలుస్తుంది?

[దృశ్యం: మత్తులో ఉన్న ఎలుక. నడినెత్తిన, చెవి దగ్గర సన్నటి సూదులు.]

చెవిలో టిక్ టిక్ మని శబ్దం పెడతారు. మెదడు స్పందిస్తే స్క్రీన్ మీద చిన్న చిన్న అలలు లేస్తాయి. శబ్దం తగ్గిస్తూ పోతారు. అల కనిపించే చివరి మెట్టే ఆ ఎలుక వినికిడి హద్దు. మోతకు ముందు ఎంత, తర్వాత ఎంత అని లెక్క చూస్తారు. చివరికి కేశ కణాల వరుసలను మైక్రోస్కోప్ కింద పెట్టి, పళ్లు ఊడిన దువ్వెనలో ఖాళీలు లెక్కపెట్టినట్టు లెక్కపెడతారు.

ఇలాంటి వార్త చదివితే నేను ముందు వెతికేది ఒకటే: మందు మోతకు ముందు ఇచ్చారా, తర్వాతా? ముందిస్తే అది గొడుగు. తడిసొచ్చినవాడికి కావాల్సింది తువ్వాలు.

ఇంకో చిక్కు. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లే. తిన్నదాంట్లో రక్తానికి చేరేది బహు తక్కువ. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపిస్తే రక్తంలో 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అయితే రక్తంలోకి వచ్చినవన్నీ లోపలి చెవిలోకి పోవు. అక్కడ ఇంకో అడ్డుగోడ ఉంది.

మనుషుల మీద పరీక్ష మరీ కష్టం. ‘రండి, మీ చెవులు పాడుచేసి చూస్తాం’ అనలేరు కదా! అందుకని వాలంటీర్లకు పాటలు గట్టిగా వినిపించి, కొద్ది గంటల్లో సర్దుకునేంత తేడాను మాత్రమే కొలుస్తారు. శాశ్వత నష్టానికి మందు పనిచేస్తుందో లేదో అందులో తేలదు.

[దృశ్యం: వంటింట్లో పసుపు డబ్బా]

మోత తర్వాత వినికిడి ఒక్కసారిగా తగ్గితే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అమ్మమ్మా, ఈ వీడియో నువ్వూ చూస్తావని తెలుసు. పసుపు వేసి నూనె కాచి ఎవరి చెవిలోనూ పోయకు.