పిల్లికి చేప పెడుతున్నారా? పచ్చిదా, ఉడికిందా?

[దృశ్యం: ఇంకా పూర్తిగా తెల్లారలేదు. చెరువులో వల లాగుతున్నారు. గట్టు మీద నాలుగైదు పిల్లులు కూర్చుని చూస్తున్నాయి.]

వాయిస్: పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర మా చెరువులో పట్టుబడి రోజండి ఇది. వల పైకి రాకముందే ఊళ్లో పిల్లులన్నిటికీ కబురు అందిపోతుంది. ఎవరు చెబుతారో ఇప్పటికీ నాకు తెలీదు. కాటాకి ఎక్కని చిన్న చేపల్ని, నలిగిపోయినవాటిని గట్టు మీదకి విసిరితే చాలు, చూస్తుండగానే మాయం. నేను కూడా రోజూ ఒక క్యారీ బ్యాగు నింపి ఇంటికి పట్టుకెళ్లేవాణ్ణి, మా చిట్టి కోసం. గోదావరి జిల్లాలో పుట్టిన పిల్లికి చేప కాక ఇంకేం పెడతాం చెప్పండి.

[దృశ్యం: ఇంటి అరుగు. మాట్లాడే మనిషి. పక్కన బూడిదరంగు పిల్లి ఒళ్లు నాక్కుంటోంది.]

ఇదే చిట్టి. ఇప్పుడు బాగానే ఉంది కానీ, ఒకరోజు పొద్దున్న గిన్నె దగ్గరకి రాలేదు. వెతికితే మంచం కింద ఉంది. తల వేలాడేసింది, గడ్డం రొమ్ముకి ఆనిపోయింది. పిలిస్తే లేచి నాలుగడుగులు వేసి, తాగినవాడిలా పక్కకి ఒరిగిపోయింది. మా అమ్మ దిష్టి తగిలిందంది. నేనేమో తేలు కుట్టిందనుకున్నా. సంచిలో పెట్టుకుని పరుగెత్తాను.

డాక్టరు గారు దాన్ని ముట్టుకోకుండానే అడిగారు, "ఏం పెడుతున్నారు?"

"చేపలండి."

"ఉడకబెట్టా?"

"లేదండి, పచ్చివే."

"ఎన్నాళ్ల నుంచి?"

లెక్కేస్తే నాలుగు నెలలు దాటింది. ఆయన బి1 విటమిన్ ఇంజెక్షన్ చేశారు. మర్నాడు సాయంత్రానికి చిట్టి తనంతట తనే గిన్నె దగ్గరకి వచ్చి కూర్చుంది. ఆ ఒక్క రోజు నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దని ఈ వీడియో.

[స్క్రీన్ మీద: థయామినేజ్]

అసలేం జరిగిందంటే, కొన్ని చేపల ఒంట్లో థయామినేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. బి1 విటమిన్ అసలు పేరు థయామిన్. ఈ ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. బి1 లేకపోతే మెదడుకీ నరాలకీ శక్తి అందదు. మొదట తిండి మానేస్తుంది, తర్వాత మెడ వాలిపోతుంది, నడక తప్పుతుంది, ఇంకా ఆలస్యం చేస్తే ఫిట్స్ వస్తాయి. కార్ప్ కుటుంబంలోనూ హెర్రింగ్ కుటుంబంలోనూ చాలా చేపలకి ఈ ఎంజైమ్ ఉంటుంది. మన చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి కార్ప్ కుటుంబమే. పులస హెర్రింగ్‌కి చుట్టం, అయినా పులసని పిల్లికి పెట్టేవాళ్లు ఈ వీడియో చూస్తారని నేననుకోను. చాలా చేపల్లో ఇది పేగుల్లోనే ఎక్కువ. గట్టు మీద మనం విసిరేవి పేగులతో సహా ఉన్న చేపలే కదా.

ఫ్రిజ్‌లో గడ్డ కట్టించినా థయామినేజ్ చావదు. ఉడకబెడితే పోతుంది. అంతే, ముక్క లోపలిదాకా పూర్తిగా ఉడికిస్తే ఈ గొడవే ఉండదు.

ఇక్కడ ఎవరో ఒకరు కామెంట్ పెడతారని తెలుసు: "కోరింగ మడ అడవుల్లో బావురుపిల్లి పచ్చి చేపే తింటుంది కదా, దానికేం కాలేదే?" మంచి ప్రశ్నే. కాకపోతే బావురుపిల్లి చేపలొక్కటే తినదండి. పీతలు, ఎలుకలు, పక్షులు, దొరికినవన్నీ తింటుంది. పైగా మన ఇంటి పిల్లి పూర్వీకులు నీళ్ల పక్క జంతువులు కావు. ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలల్లో ఎలుకల్ని పట్టుకు బతికిన అడవిపిల్లి సంతతి ఇది. చేప దీనికి రుచి, అంతేగానీ పుట్టు ఆహారం కాదు. నీళ్లు తక్కువ తాగే అలవాటు కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. తిండిలోనే తడి ఉండాలి. వట్టి బిస్కెట్ల లాంటి డ్రై ఫుడ్ మీదే పెంచితే మూత్రం దగ్గర ఇబ్బందులు పెరిగేది అందుకే.

[దృశ్యం: ఫోన్ వీడియో కాల్. పొడుగ్గా, సన్నగా ఉన్న జంతువు చేతిలో మెలికలు తిరుగుతోంది.]

అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు ఫెరెట్‌ని పెంచుతున్నాడు. మా అమ్మ మొదటిసారి చూసి "ముంగిసని పెంచుతున్నావేంట్రా, పోలీసులు పట్టుకోరూ" అంది. ముంగిస కాదండి, మన కాలవల్లో తిరిగే నీటికుక్క కుటుంబం. ముంగిసని ఇంట్లో పెంచడం మన దేశంలో నేరం, ఆ మాట మాత్రం నిజం. చిట్టి సంగతి చెప్పినప్పుడు వాడు ఫెరెట్ తిండి చూపించాడు. ఒకరోజు కోడి గుండెకాయలు, ఒకరోజు కుందేలు, ఒకరోజు బాతు మెడ, మధ్యలో ఎలుక. ఫెరెట్ పేగు చాలా పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. కూరగాయలు, గింజలు అరిగించుకునే టైమే ఉండదు. ఇంకో సంగతి, ఆరు నెలల లోపు ఏ వాసనలు అలవాటైతే వాటినే అది తిండి అనుకుంటుందట. అందుకే పిల్లగా ఉన్నప్పుడే రకరకాల మాంసాలు చూపిస్తారు. పిల్లికూనలు కూడా కొంతవరకు ఇంతే. చేప తప్ప ఏదీ చూడని చిట్టికి నేను చికెన్ అలవాటు చేయడానికి ఎన్ని తిప్పలు పడ్డానో చివర్లో చెబుతా.

పిల్లి కూడా మాంసం తప్ప గతి లేని జంతువే. పెరుగన్నం పెడితే తింటుంది కదా అంటారు. ఆకలేస్తే తింటుంది. కానీ దానికి తీపి రుచే తెలీదు. నాలుక మీద తీపిని పట్టే జన్యువు పాడైపోయిందని 2005లో తేల్చారు. క్యారెట్‌లో ఉండే పదార్థంతో మనం విటమిన్ ఎ తయారు చేసుకుంటాం, పిల్లి చేసుకోలేదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు కూడా పడవు, విరేచనాలు అవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది టారిన్ అనే పోషకం. పిల్లి దీన్ని సరిపడా తయారు చేసుకోలేదు, మాంసంలోంచే రావాలి. ఇది తక్కువైతే కంటి చూపు పోతుంది, గుండె ఉబ్బి బలహీనపడుతుంది. ప్యాకెట్ ఫుడ్ తిన్న పిల్లులకే గుండె జబ్బులు వస్తుంటే, కారణం టారిన్ లోపమని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు బయటపెట్టారు. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పెంచాయి. మనకి ఇది ఎక్కడ దొరుకుతుందంటే, కోడి గుండెకాయల్లో, తొడ మాంసంలో. బ్రెస్ట్ ముక్కలో తక్కువ. అంటే మనం ఖరీదు పెట్టి కొనే బోన్‌లెస్ కంటే కొట్టువాడు పక్కన పడేసేదే పిల్లికి మేలు.

[దృశ్యం: చికెన్ కొట్టు. తూకం మీద కవరు. గుండెకాయలు, కందనకాయలు, లివర్ విడివిడిగా.]

ఈ టారిన్ నీళ్లలో కరుగుతుంది. అందుకే మాంసం ఉడికించిన నీళ్లు పారబోయకండి. గోరువెచ్చగా అదే గిన్నెలో పోసేయండి. పిల్లికి తడి తిండి కూడా అయింది.

మరి ఎందుకు ఉడికించడం, ఫెరెట్‌కి పెట్టినట్టు పచ్చిదే పెట్టొచ్చు కదా? నేను కూడా కొన్నాళ్లు పెట్టాను. 2025 ఫిబ్రవరిలో మానేశాను. తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లు రాలిపోయినప్పుడు పరీక్షల్లో బర్డ్ ఫ్లూ అని తేలిన సంగతి మన జిల్లాల వాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ ఏడాదే మధ్యప్రదేశ్‌లోని చింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ దొరికింది. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఇదే వైరస్‌తో చనిపోయింది, ఇంట్లో పచ్చి చికెన్ ముక్క తిన్నదని కుటుంబం చెప్పింది. అంతకుముందు 2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఒరెగాన్‌లో, గడ్డ కట్టించి అమ్మే పచ్చి టర్కీ కోడి మాంసం ఫుడ్ తిని ఒక పిల్లి బర్డ్ ఫ్లూతో చచ్చిపోయింది. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అని ధీమా వద్దు. చలికి వైరస్ చావదు, సాల్మొనెల్లా అనే బాక్టీరియా చావదు. లోపలిదాకా 70 డిగ్రీలు దాటితే చస్తాయి. కోళ్ల ఫారాల మధ్య బతికేవాళ్లం, మన పిల్లికి కోడి ఉడికించే పెట్టాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఉడికిస్తే ఎముక ఇవ్వకూడదు. ఉడికిన ఎముక నిలువునా చీలి గుచ్చుకుంటుంది. అలాగని వట్టి మాంసమే పెడితే ఇంకో ప్రమాదం. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. కూనలైతే బల్ల మీంచి దూకినా కాలు విరుగుతుంది. నేను వాడేది కోడిగుడ్డు పెంకు. కడిగి, పెనం మీద వేడి చేసి, మిక్సీలో మెత్తగా, మైదాలా పట్టాలి. అర కిలో బోన్‌లెస్ మాంసానికి అర టీ స్పూను పొడి.

[దృశ్యం: పెంకు పొడిని వేళ్ల మధ్య రాసి చూపించడం. గరుకు లేదు.]

లివర్ అంటే పిల్లులకి ప్రాణం. కిలో మాంసంలో 50 గ్రాములు దాటనివ్వకండి. రోజూ లివరే పెడితే విటమిన్ ఎ పేరుకుపోయి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తల తిప్పలేదు. కవళ్ల లాంటి నూనె చేపలే రోజూ పెట్టినా తంటాయే, ఒంట్లో కొవ్వు వాచి, పట్టుకుంటే నొప్పికి అరుస్తుంది. ఎండు చేపలు ఉప్పు గడ్డలు, వాటి గురించి ఇంకేం చెప్పను.

ఇప్పుడు చిట్టి గిన్నెలో ఎక్కువ రోజులు కోడి తొడ మాంసం, గుండెకాయలు, కొంచెం కందనకాయ. వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించి ముల్లు తీసిన చేప. ఆదివారం మటన్ కైమా ఒక పిడికెడు, అదీ ఉడికించే. అప్పుడప్పుడు ఉడికిన గుడ్డు. రాత్రి పూట మాత్రం కంప్లీట్ అని రాసున్న ప్యాకెట్ తడి ఫుడ్. మన వంటలో పడని విటమిన్లు అందులో ఉంటాయి కాబట్టి. పూర్తిగా ఇంటి తిండే పెడదామనుకుంటే డాక్టరుని అడిగి సప్లిమెంట్ కలపాల్సిందే. నాలుగు కిలోల పిల్లికి రోజుకి 130 నుంచి 150 గ్రాముల మాంసం సరిపోతుంది, ప్యాకెట్ పెట్టిన రోజు ఆ మేరకి తగ్గించండి.

కూరలో ముక్క కడిగి పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మా ఇంట్లోనూ ఉండేది. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి. ఆ రసం ముక్క లోపలికి ఇంకిపోయాక పైన కడిగి లాభం లేదు. కూరకి మసాలా పట్టించకముందే దాని వాటా పక్కకి తీసేయండి. మన ఉక్కపోతలో గిన్నెలో మాంసం అరగంట దాటి ఉంచకండి, తినకపోతే ఎత్తేయండి.

[దృశ్యం: చిట్టి గిన్నె వాసన చూసి, నేలని కాలితో గీకి, వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది.]

ఇది మొదటి రోజు వీడియో. చికెన్ పెడితే మట్టి కప్పేస్తున్నట్టు గీకి పోయింది. "ఆకలేస్తే అదే తింటుందిలే, మాడ్చు" అన్నారు చుట్టుపక్కల వాళ్లు. పిల్లిని మాడ్చకూడదండి. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే దాని లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకి వస్తుంది, బొద్దుగా ఉన్న పిల్లికైతే మరీను. అందుకని ఉడికించిన చేపలో గోరంత చికెన్ నలిపి కలిపాను. రోజూ కొంచెం పెంచుకుంటూ పోయాను. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటిది ముట్టదు, పట్టుకున్న ఎలుకంత వెచ్చగా ఉండాలి దానికి.

[దృశ్యం: పదకొండో రోజు. అదే గిన్నె, అదే పిల్లి. తల ఎత్తకుండా తింటోంది. వెనక నుంచి అమ్మ గొంతు: "ఒరేయ్, గుండెకాయలు కూరలోకి రెండైనా ఉంచావా?"]