పన్ను పీకించుకున్నాక పప్పు తినొచ్చా?

రమ: అందరికీ నమస్కారం, వచ్చేశాం. 



ఇవాళ్టి టాపిక్, పన్ను పీకించుకున్నాక మొదటి వారం ఏం తినాలి, ఏం తినకూడదు. చాలామంది అడిగారు. ముఖ్యంగా జ్ఞానదంతం తీయించుకునే పిల్లలు, హాస్టల్లో ఉంటారు, మెస్సులో ఏది పెడితే అది తినాలి, పక్కన ఉండి చెప్పేవాళ్ళు ఉండరు.

శేఖర్: అంబలి తాగాలె. అయిపోయింది ఎపిసోడ్.

రమ: (నవ్వు) నీ అంబలి వస్తుంది, ఆగు. ముందు, క్లినిక్ నుంచి బయటికి రాగానే ఏమీ తినకూడదు. గాజు గుడ్డ పెట్టి గట్టిగా కొరికి పట్టుకోమంటారు కదా, అరగంట, ముప్పావుగంట, అది తీసేదాకా మంచినీళ్ళు కూడా వద్దు. తీశాక కూడా మత్తు దిగడానికి 2 నుంచి 4 గంటలు పడుతుంది, ఆ తిమ్మిరిలో తింటే బుగ్గ కొరుక్కుంటాం, నోరు కాల్చుకుంటాం, మనకి తెలియను కూడా తెలియదు. చిన్నపిల్లలైతే పక్కనే కూర్చుని చూస్తూ ఉండాలి, పెదవి తిమ్మిరిగా ఉందని నమిలేస్తారు.

శేఖర్: రక్తం గడ్డ సంగతి చెప్పు, అసలు ముచ్చట అది.

రమ: అదే చెప్పబోతున్నా. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ కిందున్న ఎముకనీ నరాలనీ కప్పి ఉంచుతుంది. అది ఊడిపోతే డ్రై సాకెట్ అంటారు. మామూలుగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో మొదలవుతుంది, నొప్పి చెవి దాకా లాగుతుంది, నోరు వాసన వస్తుంది, మళ్ళీ వెళ్ళి మందు పెట్టించుకోవాల్సిందే. అందుకే స్ట్రా వద్దు, మొదటి రోజు గట్టిగా పుక్కిలించి ఉమ్మడం వద్దు, సిగరెట్టు, గుట్కా అసలే వద్దు, మద్యం కూడా వద్దు.

శేఖర్: స్ట్రా అంటే మనోళ్ళు కూల్‌డ్రింక్ ఒక్కటే అనుకుంటరు. కొబ్బరి బొండం దేంతోని తాగుతరు మరి? పన్ను పీకిచ్చుకొని ఇంటికి పోతూ పోతూ బండి ఆపి, ఇది ఒంటికి మంచిది గదా అని బొండం కొట్టిచ్చుకొని స్ట్రా ఏసుకొని గుంజుతరు. గ్లాసుల పోయించుకోవాలె.

రమ: మంచి మాట చెప్పావు. అలాంటిదే ఇంకోటి, పోపు. పెరుగన్నం తినండి అంటారు డాక్టర్లు, బాగానే ఉంది, కానీ మనిళ్ళలో పెరుగన్నం అంటే దాంట్లో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం ముక్కలు. ఒక్క ఆవగింజ చాలు, అది పోయి సరిగ్గా ఆ గుంటలోనే కూర్చుంటుంది, బ్రష్షు పెట్టలేం, నాలుకతో కెలకకూడదు, పుల్లతో గుచ్చితే గడ్డ ఊడుతుంది. ఉప్మా రవ్వా అంతే, నువ్వుల పొడీ అంతే, జామపండు గింజలూ పాప్‌కార్న్ పొట్టూ సరే సరి. కాబట్టి మొదటి వారం ఇంట్లో ఆ ఒక్కరికి తాలింపు పెట్టకుండా విడిగా తీసి ఉంచండి. మెత్తగా మెదిపిన పెరుగన్నం, పాలల్లో నానిన ఇడ్లీ, అరటిపండు, బొప్పాయి, చల్లారిన ముద్దపప్పు నెయ్యి వేసి...

శేఖర్: ముద్దపప్పా? పన్ను పీకినంక పప్పెట్ల పెడ్తరక్కా, చీము పడ్తది గదా.

రమ: శేఖర్, నిజంగానే అంటున్నావా?

శేఖర్: నిజంగనే. మా నానమ్మ, మా అమ్మ, మా మేనత్తలు, మా వాడకట్టంత గదే చెప్తరు. కుట్లు పడితే పప్పు బంద్, వంకాయ బంద్, గోంగూర బంద్, గుడ్డు బంద్. నాకు కాలు విరిగినప్పుడు కట్టు ఇప్పేదాక పప్పు మొఖం చూడలే.

రమ: ఏం తిన్నావు మరి?

శేఖర్: బీరకాయ, సొరకాయ, చారు. ఇంక అంబలి.

రమ: చూడు, నేను దీని మీద గట్టిగానే మాట్లాడతా, ఏమీ అనుకోకు. చీము అంటే ఏంటి? పుండులోకి సూక్ష్మక్రిములు చేరతాయి, వాటితో పోరాడటానికి తెల్లరక్తకణాలు వస్తాయి, ఆ పోరాటంలో చచ్చిన కణాలూ క్రిములూ అన్నీ కలిస్తే చీము. అది నోరు శుభ్రంగా లేకపోతే వస్తుంది, షుగరు కంట్రోల్లో లేకపోతే వస్తుంది, యాంటీబయాటిక్ రాసిస్తే మధ్యలో ఆపేస్తే వస్తుంది. కందిపప్పు కడుపులోకి పోయి అరిగి, మళ్ళీ చిగుళ్ళలోకి చీమై ఎలా వస్తుంది చెప్పు?

శేఖర్: అంతమంది ఊకెనే అంటరా? ఎవలకో అయ్యే ఉంటది.

రమ: అయ్యే ఉంటుంది, కాదనను. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో దెబ్బ తగిలితే చీము పట్టడం మామూలే, ఆ ముందు రోజు ఏం తిన్నారో దాని మీదికి పోయింది నింద. మనవాళ్ళు పప్పు తినని రోజేది? ఎప్పుడు చీము పట్టినా ముందు రోజు పప్పు తినే ఉంటారు. పైగా ఆ రంగు చూసి కూడా అనుకుని ఉంటారని నా అనుమానం.

శేఖర్: (నవ్వు) తినేటప్పుడు యాదికొస్తది, అట్ల చెప్పకు.

రమ: పుండు మానాలంటే కొత్త కండ కట్టాలి, దానికి ప్రొటీన్ కావాలి. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటుంది, ఒక గుడ్డులో 6 గ్రాములు. మాంసం ఎలాగూ నమల్లేం, ఆ వారంలో మనిషికి మిగిలిందే పప్పు, గుడ్డు, పెరుగు. సరిగ్గా ఆ మూడింట్లో రెండు తీసేసి కూర్చోబెడతారు!

శేఖర్: సరే, నేనొకటి అడుగుత. పథ్యం అనే మాటనే తప్పంటవా? కారం తినకు, పులుపు తినకు, నూనెల ఏంచినయి తినకు అంటరు, అది మంచిదే గదా. మా నానమ్మ మిర్చి బంద్ చేసింది కాబట్టే నాకు మంట తెల్వలే. నువ్వు మొత్తం కొట్టిపారేస్తే మా ముసలమ్మకు అన్యాయం జరిగినట్టే.

రమ: లేదు, అది ఒప్పుకుంటా. కారం, చింతపండు, ఆవకాయ, మిరపకాయ బజ్జీ, కరకరలాడే అప్పడం, జంతిక, ఇవన్నీ ఆపమనడం నూటికి నూరుపాళ్ళు కరెక్టు. పెద్దవాళ్ళు నోరు కట్టుకోమన్నది మంచికే. నా గొడవంతా పప్పూ గుడ్డూ గురించే.

శేఖర్: నీకు ఇంత కోపమెందుకు దీని మీద?

రమ: మా అమ్మ వల్ల. కింది పళ్ళన్నీ కదిలిపోయి తీయించాల్సి వచ్చింది, కట్టుడుపళ్ళ కోసం. ఇంటికి రాగానే చుట్టాలంతా చేరి పప్పు వద్దు, గుడ్డు వద్దు, పాలు కూడా వద్దు, చారన్నం పెట్టండి అన్నారు. నోరు నొప్పి, ఆ చారన్నం కూడా గుప్పెడు తినేది. కానీ షుగరు మాత్ర మాత్రం టైముకి వేసుకునేది, డాక్టరు చెప్పాడు కాబట్టి మానకూడదని. ఒకరోజు సాయంత్రం మంచం మీద కూర్చుని ఉంది, జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది, పేరు పెట్టి పిలిస్తే ఎటో చూస్తోంది. షుగరు పడిపోయింది. గ్లూకోజు నీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తే కాసేపటికి మనిషైంది.

శేఖర్: నాకెప్పుడూ చెప్పలేదు గదక్కా.

రమ: చెప్పలేదు. అందుకే షుగరున్నవాళ్ళు పన్ను పీకించుకునే ముందే ఇద్దరు డాక్టర్లనీ అడగాలి, పంటి డాక్టర్నీ, షుగరు డాక్టర్నీ. ఈ వారం నేను తక్కువ తింటా, మాత్ర ఎంత వేసుకోవాలి, ఇన్సులిన్ ఎంత అని. సొంతంగా మానెయ్యకూడదు, తినకుండా వేసుకోకూడదు. చెమటలూ వణుకూ వస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగించాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళిపోవాలి.

శేఖర్: అవును. ఇది అందరికీ తెల్వాలె. అమ్మ ఇప్పుడు బాగున్నది గదా?

రమ: బాగుంది, కట్టుడుపళ్ళతో పల్లీలు తినడానికి చూస్తోంది.

శేఖర్: అయితే నేను మళ్ళ అంబలి దగ్గరికే వస్త. 100 గ్రాముల రాగుల్ల కాల్షియం 340 మిల్లీగ్రాములు దాటి ఉంటది, చల్లగ ఉంటది, నమిలే పని లేదు. పన్ను పోయినోనికి ఇంతకంటె ఏం కావాలె.

రమ: కాల్షియం సరే, ప్రొటీన్ 7 గ్రాములే. పైగా షుగరున్నవాళ్ళకి పల్చటి జావ తొందరగా షుగరు పెంచుతుంది. దాంట్లో గట్టి పెరుగు చిలికి కలిపితే నేను ఒప్పుకుంటా. నువ్వు నంజుకునే పచ్చి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా మాత్రం ఆ వారం ఉండవు.

శేఖర్: ఉల్లిగడ్డ లేకుంటే అది అంబలెట్లయితది!

రమ: ఉప్పేసుకుని తాగు. ఉప్పంటే గుర్తొచ్చింది, 24 గంటలు దాటాక గోరువెచ్చని గ్లాసు నీళ్ళల్లో అర చెంచా ఉప్పేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, ఊరికే బయటికి వదిలెయ్యండి, ఉమ్మొద్దు. టీ కాఫీలు మొదటి రోజు చల్లారాకే. ఐస్‌క్రీం తినొచ్చు, కోను వద్దు, జీడిపప్పు, బాదం ఉన్నవి వద్దు, చెంచా అవతలి వైపు పెట్టుకోండి.

శేఖర్: రూట్ కెనాల్, అంటే పన్ను పీకకుండ లోపలి నరం తీసి నింపుడు, అది చేయించుకున్నోళ్ళు కూడ అడిగిన్రు.

రమ: వాళ్ళకి గుంట ఉండదు కాబట్టి ఈ స్ట్రా గొడవలేదు. మత్తు దిగేదాకా ఆగాలి, తాత్కాలిక సిమెంటు ఉన్నన్ని రోజులూ ఆ వైపు నమలకూడదు. పల్లీ పట్టీ, జీళ్ళు, చూయింగ్ గమ్ తింటే సిమెంటు ఊడొస్తుంది. ఆ పన్ను మీద తొడిగే క్యాప్ వేయించుకోవడం మానెయ్యకండి, నొప్పి పోయింది కదా అని వదిలేస్తారు, పన్ను నిలువునా చీలిపోవచ్చు.

శేఖర్: అక్కా, మా చిన్నమ్మకు రేపే పన్ను తీస్తున్నరు. ఇంట్ల పప్పు పెట్టమంటే అమ్మ నన్ను కొడ్తది. నువ్వే చెప్పాలె.

రమ: ఫోన్ కలుపు.

శేఖర్: ఇప్పుడా?

రమ: ఇప్పుడే, వంట మొదలెట్టకముందే. రికార్డింగ్ ఆపు.

శేఖర్: గుడ్డు సంగతి కూడ చెప్తవా?

రమ: ముందు కలుపు నువ్వు.