జనవరి 1 మొక్కు, సంక్రాంతి అరిసె, నెల సరుకుల చీటీ: బరువు తగ్గే లక్ష్యాన్ని ఎక్కడ రాసుకోవాలి?

మిత్రులందరికీ నమస్కారం. డిసెంబరు చివరికి వచ్చేసరికి మన ఛానల్‌కు వచ్చే ప్రశ్నలలో అధిక భాగం బరువు గురించే ఉంటాయి. వాటిలో మళ్లీ అధిక భాగం ఒకే తీరుగా ఉంటాయి: "జనవరి 1 నుంచి మొదలుపెట్టి రెండు నెలల్లో పది కిలోలు తగ్గాలనుకుంటున్నాను, ఏం తినాలి, ఏం మానాలి?" ఏం తినాలి, ఏం మానాలి అన్న సంగతికి వెళ్లే ముందు, ఆ ప్రశ్నలో ఎవరూ అనుమానించకుండా వదిలేసే రెండు విషయాలను, అంటే ఆ పది కిలోల అంకెను, ఆ జనవరి 1 అనే తేదీని, ఈ రోజు కాస్త నిలబెట్టి అడుగుదాం.

ముందుగా అంకె సంగతి. ఒక కిలో కొవ్వులో ఉజ్జాయింపుగా 7,700 కిలో కేలరీల శక్తి ఉంటుంది. పది కిలోలంటే 77,000. దానిని అరవై రోజులకు పంచితే రోజుకు దాదాపు 1,280 కిలో కేలరీల లోటు రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కూర్చుని పని చేసే 55 కిలోల మహిళకు రోజంతటికీ కావలసినది 1,660 కిలో కేలరీలు. అందులోనుంచి 1,280 తీసివేస్తే మిగిలేది నాలుగు వందలకు లోపు, అంటే పొద్దుటి టిఫిన్‌తోనే ఆ రోజు ఖాతా మూసివేయాలన్నమాట. బరువు ఎక్కువగా ఉన్నవారి శరీరం ఖర్చు చేసే శక్తి కూడా కొంత ఎక్కువే ఉంటుంది, నిజమే. అయినా, బరువు తగ్గడానికి తినే ఆహారం రోజుకు వెయ్యి కిలో కేలరీలకు తగ్గకూడదని, వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమమని అదే సంస్థ చెబుతుంటే, మనం పెట్టుకున్న లక్ష్యం మొదటి రోజునే ఆ గీత దాటిపోతోంది. జనవరి మూడో వారంలో "నాకు పట్టుదల లేదు" అని తమను తాము తిట్టుకునేవారిలో చాలామందికి పట్టుదల దండిగానే ఉంటుంది, లెక్కే తప్పు.

ఇక తేదీ. తెలుగు ఇంట్లో తిండి తగ్గించడానికి జనవరి 1 కన్నా ఇబ్బందికరమైన ముహూర్తం దొరకడం కష్టమని నా అభిప్రాయం. డిసెంబరు మధ్యలో మొదలైన ధనుర్మాసం అప్పటికి నడుస్తూ ఉంటుంది, కనుక తెల్లవారుజామున గుడికి వెళ్లినవారి దొప్పలో చక్కెర పొంగలి, పులిహోర, దద్ధ్యోజనం పడుతూనే ఉంటాయి. రెండు వారాలు తిరగకుండానే భోగి వస్తుంది. అప్పటికే కోస్తా ఇళ్లలో అరిసెలు, జంతికలు, తెలంగాణ ఇళ్లలో సకినాలు డబ్బాలకు ఎత్తి ఉంటాయి. కనుమ నాడు మినుము తినాలన్నారు కాబట్టి గారెలు, వాటి పక్కన నాటుకోడి పులుసు. ఆ డబ్బాలు ఖాళీ కాకముందే మాఘమాసం పెళ్లి శుభలేఖలు మొదలవుతాయి. ఇన్నింటి మధ్య "జనవరి 1 నుంచి తీపి ముట్టను, అన్నం ముట్టను" అని మొక్కుకున్న మనిషి పద్నాలుగో రోజున అమ్మ చేతి అరిసె ముందు ఓడిపోతే అందులో ఆశ్చర్యమేమున్నది?

ఆ అరిసెను ఒకసారి దగ్గరగా చూడండి. తడి బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి, చేత్తో తట్టి, నూనెలో వేయించి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కితే నూనె సన్నని ధారగా కారుతుంది. నొక్కడంలో తొందరపడిన అరిసె, నింపాదిగా నొక్కిన అరిసె చూడడానికి ఒకేలా ఉన్నా రెండింటిలో మిగిలే నూనె ఒకటి కాదు. కాబట్టి "ఒక అరిసెకు ఎన్ని కేలరీలు?" అన్న ప్రశ్నకు ఫోన్‌లోని యాప్ చెప్పే కచ్చితమైన అంకెను నేను పెద్దగా నమ్మను. ఇంట్లోకి ఎంత నూనె వచ్చింది, ఎంత బెల్లం వచ్చింది అన్న లెక్కను మాత్రం నమ్ముతాను. నేను చెప్పదలచుకున్నది అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది: బరువు లక్ష్యాన్ని అద్దం మీదో ఫోన్‌లోనో కాకుండా నెల సరుకుల చీటీలో రాసుకోవాలి.

దానికి ముందు మనకు తగిన అంకెను తేల్చుకుందాం. శరీర బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఆ ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ, అంటే ఎత్తుకు తగిన బరువు ఉన్నదో లేదో చెప్పే అంకె. పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువు అంటారు. మనకు తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, మధుమేహం పలకరించడం జరుగుతున్నందువల్ల మన వైద్యులు 23 దగ్గరే హెచ్చరిస్తారు. 165 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు ఉన్న వ్యక్తికి ఇది 28.6 వస్తుంది. పట్టిక ప్రకారం 23కు దిగాలంటే దాదాపు పదిహేను కిలోలు తగ్గాలి, ఆ మాట వింటేనే సగం మందికి నీరసం వస్తుంది. అయితే ఆరోగ్యంలో కనిపించే మార్పు పదిహేనో కిలో దాకా ఆగి ఉండదు. అమెరికాలో మధుమేహ నివారణపై జరిగి 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మధుమేహం అంచున ఉన్నవారికి ఇచ్చిన లక్ష్యం శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం మాత్రమే. వారికి మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన 78 కిలోల మనిషికి 5 శాతమంటే నాలుగు కిలోలు, 7 శాతమంటే అయిదున్నర. జనవరి నుంచి ఉగాది దాకా నాలుగు కిలోలు: ఇది వారానికి అరకిలో కన్నా తక్కువే, పండుగ రోజులను మినహాయించుకున్నా అందుకోగలిగినదే.

కిలోలతో పాటు నడుము చుట్టుకొలతను కూడా ఒక కాగితం మీద వేయండి. కింది పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు నడిమధ్యన, ఊపిరి వదిలిన తరువాత టేపు పెట్టి చూడాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. "నా ప్యాంటు సైజు 34 అండీ, పదేళ్లుగా మారలేదు" అని ధీమాగా చెప్పే పెద్దమనుషులు చాలామంది ఉంటారు, కాని వారు ప్యాంటు కట్టేది పొట్ట కిందన కనుక ఆ 34 పొట్ట గురించి ఏ సాక్ష్యమూ చెప్పదు.

ఇప్పుడు చీటీ తీద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి విడుదల చేసిన మార్గదర్శకాలలో రెండు వేల కిలో కేలరీల నమూనా పళ్లెం ఒకటి ఉన్నది. అందులో రోజుకు ఒక మనిషికి తిండిగింజలు 250 గ్రాములు, పప్పులు గుడ్లు మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ఈ గ్రాములను పళ్లెం దగ్గర తూచుకుని తినేవారు నూటికి ఒక్కరు కూడా ఉండరు. అందుకే నలుగురున్న ఇంటికి, ముప్పై రోజులకు గుణించి చూద్దాం.

నూనె మూడున్నర లీటర్లు వస్తుంది, నెయ్యితో కలిపి. మీ ఇంటికి నెలకు అయిదున్నర లీటర్లు వస్తున్నాయనుకుందాం. అదనంగా వస్తున్న రెండు లీటర్లు పదహారు వేల కిలో కేలరీలు, ఒక్కొక్కరికి రోజుకు 135 పైచిలుకు. డెబ్బై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది కూడా దాదాపు అంతే. అంటే ప్రతి సరుకుల చీటీలో ఆ రెండు ప్యాకెట్లు కొట్టివేసిన ఇల్లు, నలుగురూ రోజూ అరగంట నడిచినంత పనిని చెమట పట్టకుండా చేసినట్టే. అయితే వేపుళ్లకు పోసిన నూనె అంతా కడుపులోకి వెళ్లదు, మూకుడులో మిగిలినదాన్ని లెక్కలోనుంచి తీసివేయాలి. ఆ మిగిలిన నూనెనే మరునాడు తిరగమోతకు వాడితే మాత్రం తిరిగి కలపాలి.

తిండిగింజలు నలుగురికి నెలకు ముప్పై కిలోలు. 25 కిలోల దాకా ఉండే బియ్యం ప్యాకెట్ల మీద జీఎస్టీ వచ్చినప్పటి నుంచి మన కొట్లలో 26 కిలోల బస్తాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి కదా, ఆ బస్తా నెలకు ఒకటి ఖర్చయ్యే ఇంటికి మిగిలేది నాలుగు కిలోలు మాత్రమే. ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, గోధుమపిండి, అటుకులు, సేమ్యా అన్నీ ఆ నాలుగు కిలోలలోనే ఇమడాలి. "నేను రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నాను, అయినా తగ్గడం లేదు" అనేవారికి సమాధానం ఇక్కడే దొరుకుతుంది, ఎందుకంటే గోధుమపిండి కూడా అదే పద్దులో ఉన్నది. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి మాత్రం నెలకు పది కిలోలు రావాలి, కూరగాయలు వారానికి పదకొండు కిలోలు. మన చీటీలు సాధారణంగా ఇక్కడ బోసిపోయి ఉంటాయి. రైతుబజారు నుంచి తెచ్చిన ఒక్క సంచీతో వారం గడుస్తున్నదంటే బియ్యం తగ్గించగానే కడుపు ఖాళీగా అనిపించడం సహజం, ఆ ఖాళీని సాయంత్రం మిక్చరు పొట్లం నింపుతుంది. కాబట్టి కొట్టివేతలతో పాటు చేర్పులు కూడా చీటీలో ఉండాలి: బస్తా నెల మీద అయిదు రోజులు ఎక్కువ రావాలి, కందిపప్పు, పెసలు, శనగలు ఒక్కో కిలో పెరగాలి. పొలం పనికి వెళ్లేవారు, ఎదిగే పిల్లలు ఉన్న ఇంట్లో ఈ అంకెలు మారతాయి, పిల్లల కంచంలో కోత పెట్టనే వద్దు.

ఇంటి చీటీ అన్నప్పుడు వంట చేసే మనిషి గురించి చెప్పకపోతే ఈ లెక్క సగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, 2019–21లో, దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు ఉన్నవారు 24 శాతమైతే తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. అందరూ తిన్నాక రాత్రి పదింటికి ఒంటరిగా కూర్చుని, గిన్నెలో మిగిలిన అన్నాన్ని పారేయడానికి మనసొప్పక పెరుగు పోసుకుని తినే తల్లికి "తక్కువ తిను" అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ఆ గిన్నెలో మిగలకుండా ఎసట్లో అరకప్పు బియ్యం తక్కువ పోయడం, ఆమె కూడా అందరితో ఎనిమిదింటికే కూర్చోవడం అనేది ఇంటిల్లిపాదీ కలిసి పెట్టుకోవలసిన లక్ష్యం. దానిని ఆమె ఒక్కదాని మీద వేయకండి.

పండుగల సంగతికి వస్తే, వాటిని లక్ష్యంలో ముందే రాసుకోండి. భోగి, సంక్రాంతి, కనుమ, మాఘంలో తప్పనిసరిగా వెళ్లవలసిన పెళ్లిళ్లు ఒక నాలుగు, అన్నీ కలిపినా ఉగాదిలోపు పది రోజులు దాటవు, మిగిలిన డెబ్బై ఎనభై రోజులు మీవే. ప్రమాదం పండుగ రోజున ఉండదు, పండుగ తరువాత పది రోజుల పాటు టీవీ ముందు తెరుచుకునే అరిసెల డబ్బాలో ఉంటుంది. అందుకని చేయడమే సగం కొలతకు చేయండి, చేసినదాన్ని కనుమ నాడే ఇరుగుపొరుగుకు పంచివేయండి. పెళ్లి పంక్తిలో కొసరి వడ్డించే పిన్నిగారితో వాదించి గెలవడం ఎవరివల్లా కాదు, పైగా "ఏమ్మా, చిక్కిపోయావు, ఒంట్లో బాగాలేదా" అని నలుగురిలో అడుగుతారు. బొబ్బట్టును మర్యాదగా స్వీకరించి, పప్పు, కూరలు కావలసినంత తిని, మారు అన్నం వచ్చే సమయానికి "పెరుగుకు వచ్చేశానండీ" అంటే చాలు. మన పంక్తిలో ఆ మాటకు తిరుగులేదు.

పెళ్లి మరునాడు మాత్రం కాటా ఎక్కకండి. ఊరగాయ, పులుసు, అప్పడాల ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. తిన్న పిండిపదార్థం శరీరంలో గ్లైకోజన్‌గా నిలువ అవుతూ తన బరువుకు మూడింతల నీటిని వెంట తెచ్చుకుంటుంది. ఒక్క రాత్రిలో కాటా మీద కిలోన్నర పెరగడానికి ఇవే కారణాలు, నిజంగా కిలోన్నర కొవ్వు చేరాలంటే పదకొండున్నర వేల కిలో కేలరీలు అదనంగా తిని ఉండాలి. కఠినమైన డైట్ మొదలుపెట్టిన తొలి వారంలో "మూడు కిలోలు తగ్గాను" అని సంబరపడేవారికి తగ్గినదానిలో ఎక్కువ భాగం కూడా ఈ నీరే. వారానికి ఒకసారి, ఒకే రోజున, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక చూసుకున్న బరువునే రాసుకోండి.

నడక గురించి క్లుప్తంగా చెబుతాను. వారానికి 150 నిమిషాలు నడవండి, దానితో పాటు రెండు రోజులు బరువులెత్తడమో గుంజీలు తీయడమో చేయండి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో గంట నడిచి, పక్కనే బండి దగ్గర నెయ్యి కారం దోసె తినేసి ఇంటికి వెళ్లేవారు ఆ నడకను గుండెకు, మనసుకు చేసిన మేలుగా లెక్కవేసుకోవచ్చు, బరువు పద్దులో మాత్రం వేసుకోకూడదు. జిమ్ ఏడాది చందా జనవరిలో చవకగా ఇస్తారు, మూడు నెలలకు కట్టి చూడండి చాలు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. ఇవి పనిచేసే మందులే: వెగోవీలోని సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు కూడా తేలింది. కనుక అది పెళ్లి ఫొటోల కోసం రెండు నెలలు వాడి మానేసే వస్తువు కాదు, వైద్యుడు మనిషిని చూసి రాయవలసిన మందు.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారు పూట భోజనం తగ్గించే ముందు తప్పనిసరిగా తమ వైద్యుడితో మాట్లాడాలి, మందు మోతాదు అలాగే ఉంచి అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఉగాది నాటికి నడుము రెండు మూడు సెంటీమీటర్లు తగ్గి, కాటా మాత్రం కదలకపోతే కంగారు పడవలసిన పని లేదు, మరో రెండు నెలలు అదే చీటీ నడపండి. చీటీ నిజంగా మారినా రెండూ కదలకపోతే, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. మీరు వాడుతున్న మందుల్లో స్టెరాయిడ్ల వంటి బరువు పెంచేవి ఏమైనా ఉన్నాయేమో అడగండి. ఆ రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు జనవరి నుంచి రాసుకున్న బరువుల కాగితాన్ని, మూడు నెలల సరుకుల చీటీలను వెంట తీసుకుని వెళ్లండి.