టోపీకి ఊలు ఎంత కొనాలి?

అందరికీ నమస్కారం.

అల్లిక నేర్చుకున్న కొత్తలో నేనొక టోపీ మొదలుపెట్టాను. ముదురు నీలం ఊలు, 50 గ్రాముల ఉండ ఒక్కటి. టోపీయే కదా, సరిపోతుందిలే అనుకున్నాను. ఇంకో మూడు వేళ్ల ఎత్తు అల్లితే అయిపోతుందనగా ఊలు అయిపోయింది. పరుగున వెళ్లి అదే రంగు నంబరున్న ఇంకో ఉండ తెచ్చాను. పూర్తిచేసి, పెట్టుకుని, వెలుతురులోకి వచ్చి అద్దంలో చూసుకుంటే నడినెత్తిన చిన్న గిన్నె బోర్లించినట్టు వేరే నీలం. లేబుల్ మీద రంగు నంబరు పక్కన డై లాట్ అని మరో నంబరు ఉంటుందని అప్పుడే తెలిసింది. ఒకే రంగైనా, ఒక విడత అద్దకానికీ మరో విడతకీ కాస్త తేడా వస్తుంది. ఉండగా చూస్తే కనపడదు, అల్లాక దాగదు. కాబట్టి కావలసిందంతా ఒకేసారి, ఒకే లాట్‌లో కొనాలి. అలా కొనాలంటే ఎంత కావాలో ముందే తెలియాలి.

ఊలు అమ్మేది తూకంలో. టోపీకి కావలసింది పొడవు. చిక్కంతా ఇక్కడే. 100 గ్రాముల సన్న ఊలు, అంటే సాక్సులు అల్లేది, సుమారు 400 మీటర్లు వస్తుంది. వర్‌స్టెడ్ అనే మధ్యరకం అదే తూకానికి 200 మీటర్లు. బాగా లావుదైతే 100, 120 మీటర్లే. నూలు దారం ఇంకా బరువు కాబట్టి, లావు ఒకటే అయినా ఉన్ని కన్నా తక్కువ పొడవొస్తుంది. అందుకే "రెండు ఉండలు పడతాయి" అని ఎవరైనా చెబితే, ఏ ఊలు, ఉండకు ఎన్ని మీటర్లు అని అడగండి.

పెద్దవాళ్ల టోపీకి చేతి లెక్క చెబుతాను. సన్న ఊలైతే 250 నుంచి 320 మీటర్లు, మధ్యరకమైతే 140 నుంచి 200, లావుదైతే 100 నుంచి 130. ఇవి సూదులతో అల్లేవాళ్లకి. అదే టోపీ క్రోషేతో అల్లితే పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ పడుతుంది.

అయినా ఈ అంకెల కన్నా నేను నమ్మేది మీ చేతి అల్లికని. కొందరు బిగించి అల్లుతారు, కొందరు వదులుగా. ఆ తేడా ఏ పట్టికలోనూ ఉండదు, మీరు అల్లిన శాంపిల్ ముక్కలో ఉంటుంది. ఇదిగో చూడండి, నా చేతిలో ఉన్నది మధ్యరకం ఊలుతో అల్లిన ముక్క. 20 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు. ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కొలిచాను, ఎందుకంటే తడిస్తే అల్లిక కొంచెం సాగి సర్దుకుంటుంది. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు మీద పెడితే 9 గ్రాములు తూగింది. మరీ చిన్న ముక్క అల్లకండి. 3 గ్రాముల ముక్క తూచేటప్పుడు త్రాసు ఒక్క గ్రాము తప్పితే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

ఈ ముక్క వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. అంటే 100కి నాలుగున్నర గ్రాములు. ఇక టోపీ. తల చుట్టుకొలత 56 అనుకుందాం. టోపీ సాగి పట్టుకోవాలి కాబట్టి 50కి అల్లుతాం. ఎత్తు 22, అంచు మడతకి ఇంకో 6, మొత్తం 28. 50ని 28తో గుణిస్తే 1400. దానికి 63 గ్రాములు. నా నీలం టోపీ ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలుస్తోంది కదా!

పైన కుట్లు తగ్గిస్తూ వస్తాం కాబట్టి నిజానికి 63 కన్నా కాస్త తక్కువే పడుతుంది. ఆ మిగులును అలాగే ఉంచేయండి. మొదట కుట్లు ఎక్కించడానికీ, చివర కొసలు దాచడానికీ అదే అక్కరకొస్తుంది. శాంపిల్ ముక్కకి పట్టిన 9 గ్రాములు మాత్రం మరిచిపోకండి. అవీ మీరు కొన్న ఊలులోంచి పోయినవే. అన్నీ కలిపితే 72, అంటే 50 గ్రాముల ఉండలు రెండు.

టోపీని ఏ డిజైన్‌లో అల్లుతారో అదే డిజైన్‌లో ముక్క అల్లాలి. జడ అల్లిక అయితే కుట్లు ఒకదాని మీదకొకటి ఎక్కి వెడల్పు తగ్గుతుంది, ఊలు ఎక్కువ లాగుతుంది. రెండు రంగుల అల్లికలో వాడని రంగు పోగులు వెనక వైపు వెంట వస్తూ ఉంటాయి, వాటి లెక్క వేరే. పైన కుచ్చుబంతి పెట్టాలనుకుంటే దానికి విడిగా తీసిపెట్టండి, అది చూడ్డానికి చిన్నదే గాని చాలా తింటుంది.

అల్లకం మధ్యలో టెన్షన్ పట్టుకుందనుకోండి, ఉండని తూచండి. 10 చుట్లు అల్లి మళ్లీ తూచండి. ఇప్పుడు చెప్పిన టోపీకైతే 9 గ్రాముల దాకా తగ్గుతుంది. మిగిలినదాంతో ఎన్ని చుట్లొస్తాయో అప్పుడే తేలిపోతుంది, అంచు మడత పొట్టిగా పెట్టాలా వద్దా అని ముందే అనుకోవచ్చు.

ఉన్నదే ఒక్క ఉండ, ఆ లాట్ ఇక దొరకదు అంటే నేను చేసేది ఒకటుంది. టోపీని నడినెత్తి నుంచి మొదలుపెట్టి కిందికి అల్లుతాను. తల పట్టేశాక మిగిలిన ఊలు ఎంతైతే అంచు అంత. మడత రాకపోయినా ఒంటి అంచుతో టోపీ నిండుగానే ఉంటుంది.

శాంపిల్ ముక్కలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి. త్రాసు, టేపు ఇక్కడే ఉన్నాయి, ఒక్కొక్కరిదీ తూచి లెక్క వేద్దాం.