మొదటి క్లచ్ ఎవరు నేర్పాలి?

ముందు ఒక్కసారి చేతులెత్తండి, ఈ హాల్లో ఉన్న బైక్ డీలర్లలో, బండి కొన్న షోరూంలోనే బండి నడపడం నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది? ఎవరూ లేరు కదా. నేనూ అంతే, మా బాబాయ్ స్ప్లెండర్ మీద స్కూల్ గ్రౌండ్‌లో, ఆయన వెనక కూర్చుని బండి ఆగిపోయినప్పుడల్లా నెత్తిన ఒక మొట్టికాయ వేస్తుంటే నేర్చుకున్నా. ఇన్నేళ్ళూ బైక్ కంపెనీలకి కస్టమర్లని తయారుచేసి పెట్టింది ఈ బాబాయిలు, మావయ్యలు, పక్కింటి అన్నలే, అదీ ఫ్రీగా. ఇప్పుడు ఆ బాబాయ్ కారు కొనుక్కున్నాడు, ఇంట్లో ఉన్నది స్కూటీ, పిల్లలకి హాఫ్ క్లచ్, అంటే క్లచ్ సగం వదిలి బండిని మెల్లగా కదిలించడం, మాటగా తెలుసు గానీ చేతికి తెలీదు. అలాంటి వాళ్ళకి రెండున్నర లక్షల బండి అమ్ముదామని మనం ఇక్కడ మీటింగ్ పెట్టుకున్నాం.

ఈ క్లచ్ భయం సంగతి హోండాకి ఎప్పుడో తెలుసు. 1958లో సూపర్ కబ్ అనే చిన్న బండి తెచ్చినప్పుడే చేతి క్లచ్ తీసేశారు, గేరు కాలితో వేసుకుంటే చాలు. తర్వాత 1960ల్లో అమెరికాలో, బైక్ అంటే రౌడీల బండి అనుకునే రోజుల్లో, హోండా మీద కనిపించేది మంచివాళ్ళే అంటూ మామూలు మనుషుల బొమ్మలతో యాడ్లు వేశారు. ముందు నడిపేవాళ్ళ భయం, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళ భయం, రెండూ పోగొట్టారు. మన దగ్గర 2001లో పల్సర్ "డెఫినెట్లీ మేల్" అంటూ దిగింది, దుమ్ము లేపింది కాదనను, కానీ ఆడపిల్లలకి ఇది మీ బండి కాదమ్మా అని మొహం మీదే చెప్పినట్టు కదా అది. అదే ఏడాది వచ్చిన యాక్టివాని మాత్రం తాతయ్య దగ్గర్నుంచి మనవరాలి దాకా ఇంటిల్లిపాదీ నడిపారు.

ఇప్పుడు కంపెనీలవాళ్ళు కొంచెం మారుతున్నారులెండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, అదే కంపెనీ నుంచి 2022లో వచ్చిన హంటర్ 181 కిలోలు, సీటు ఎత్తు కూడా 790 మిల్లీమీటర్లే. సిగ్నల్ దగ్గర రెండు కాళ్ళూ నేల మీద ఆనితే కొత్తవాళ్ళకి ఎంత ధైర్యమో పొడుగ్గా ఉన్నవాళ్ళకి అర్థం కాదు. 2025లో హంటర్ క్లచ్ కూడా తేలిక చేశారు. హార్లీ అయితే 2020లో ఇక్కడ తయారీ ఆపేసి, 2023లో హీరో మోటోకార్ప్‌తో కలిసి 2.29 లక్షలకి ఎక్స్440 అనే బండితో మళ్ళీ వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, ఆపైన 40కి ఎక్కింది, కాబట్టి కొత్త కుర్రాళ్ళు ఏ వైపు చూస్తారో వేరే చెప్పక్కర్లేదు.

కానీ బండి ఎంత తేలికైనా షోరూంలో మనిషి బరువుగా ఉంటే ఏం లాభం? మా అక్క కూతుర్ని తీసుకుని ఒక షోరూంకి వెళ్ళాను, పేరు వద్దు. కొనేది అది, జీతం దానిది, ఆ సేల్స్ అబ్బాయి మాత్రం "సార్ మైలేజీ" "సార్ ఈఎంఐ" అంటూ నాతోనే మాట్లాడుతున్నాడు. అది టెస్ట్ రైడ్ అడిగితే, "మేడమ్ గేర్ బండి వచ్చా?" అని నవ్వాడు. ఎల్‌ఎల్‌ఆర్, అదే లెర్నర్ లైసెన్స్, ఉంది, నేర్చుకుందామనే వచ్చింది పాపం. బయటికొచ్చాక "మామయ్యా, స్కూటరే కొనుక్కుంటా" అంది.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి, ట్రాఫిక్ లేని ఓ గ్రౌండ్, క్రాష్ గార్డులున్న పాత బండ్లు రెండు, హెల్మెట్లు, మొట్టికాయలు వేయని మనిషి ఒకరు. కొనమని ఒక్క మాట కూడా అనకండి ఆ పూట. బండి పడేస్తారు, పడేయనివ్వండి, పడ్డ బండిని ఎలా లేపాలో కూడా అక్కడే నేర్పండి. ముందు వరసలో ఒకాయన విరిగిన క్లచ్ లివర్ డబ్బులు ఎవరిస్తారని అడుగుతున్నారు. మీరే ఇవ్వాలండీ, పండక్కి కట్టే ఫ్లెక్సీ కంటే చవకే అది.