స్థూలకాయానికి దివ్యాంగుల పింఛను: బోర్డు కొలవాల్సింది బరువును కాదు

సభకు నమస్కారం.

బరువుకు పింఛను ఇవ్వకూడదు. ఆ బరువు వల్ల నడక పోయినవాళ్లకి, ఊపిరి ఆడనివాళ్లకి, సొంత పనులు చేసుకోలేనివాళ్లకి తప్పకుండా ఇవ్వాలి. ఈ రోజు అమల్లో ఉన్న నిబంధనల్లో మొదటి సంగతి సరిగానే ఉంది. రెండోదే సగంలో ఆగింది. ఎక్కడ ఆగిందో, దాన్ని సరిచేయడం ఎవరి చేతిలో ఉందో, ఈలోగా దరఖాస్తు పెట్టుకునేవాళ్లు ఏం చేయాలో చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

ముందు, బరువును కొలబద్దగా ఎందుకు పెట్టకూడదో చూద్దాం. బీఎంఐ అంటే బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. మన దేశంలో వైద్యులు 23 దాటితే అధిక బరువు అనీ, 25 దాటితే స్థూలకాయం అనీ లెక్కిస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 25 గానీ అంతకు మించి గానీ బీఎంఐ ఉన్న మహిళలు 36.3 శాతం, పురుషులు 31.1 శాతం. ఈ గీతను పింఛనుకు అర్హతగా పెడితే రాష్ట్రంలో ప్రతి ముగ్గురిలో ఒకరు దివ్యాంగులవుతారు. నిజంగా మంచం పట్టిన మనిషి ఆ గుంపులో కనపడకుండా పోతాడు. పైగా బీఎంఐ 38 ఉన్న ఒకావిడ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజాము నుంచి చేపల తట్టలు మోస్తూ ఉండవచ్చు, అదే 38 ఉన్న మరొకావిడ బాత్రూమ్ దాకా వెళ్లలేకపోవచ్చు. అంకె ఒక్కటే అయినా వాళ్ల జీవితాలు ఒక్కటి కావు.

2025 జనవరిలో లాన్సెట్ పత్రికల తరఫున అంతర్జాతీయ నిపుణుల కమిషన్ ఈ తేడానే పట్టుకుంది. అధిక కొవ్వు ఉన్నా అవయవాలు బాగా పనిచేస్తుంటే అది ఒక స్థితి. ఆ కొవ్వు వల్ల అవయవాలు దెబ్బతిన్నా, స్నానం, దుస్తులు వేసుకోవడం, నడవడం లాంటి రోజువారీ పనులు ఆగిపోయినా అది రోగం. పింఛను గురించిన చర్చ మొత్తం ఆ రెండో స్థితి గురించే జరగాలి.

ఇక చట్టం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో స్థూలకాయం లేదు. ఆ 21లో ఏదో ఒకటి 40 శాతానికి తగ్గకుండా ఉందని మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే, మన వాడుకలో సదరం సర్టిఫికెట్ వస్తే, పింఛనుకు దారి తెరుచుకుంటుంది. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైన పక్షవాతం లాంటి పరిస్థితుల్లో 15,000.

స్థూలకాయం ఉన్న మనిషి ఈ 21లో ఎక్కడ ఇమడగలడు? ఆచరణలో ఒక్క చోటే, చలన వైకల్యంలో. 52 ఏళ్ల మహిళ అనుకుందాం. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు, బీఎంఐ 49. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. బోర్డులో ఎముకల డాక్టరు బరువు చూసి శాతం వేయరు. కాలికి సంబంధించి రెండు భాగాలు కొలుస్తారు. ఒకటి కీళ్ల కదలిక, కండ బలం. రెండోది నిలకడ. నిలకడలో తొమ్మిది అంశాలు ఉంటాయి: సమతలం మీద నడవడం, వాలు మీద నడవడం, మెట్లు ఎక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, దెబ్బతిన్న కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకరిల్లడం, మలుపు తిరగడం. ఒక్కోదానికి 10 చొప్పున మొత్తం 90. ఆవిడ వాలు, మెట్లు, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు, మోకరిల్లడం చేయలేకపోతే 50 అయింది. కదలిక భాగంలో 15 వచ్చిందనుకోండి. 50, 15 కలిపి 65 అనకూడదు. పెద్ద అంకెను అలాగే ఉంచి, చిన్న అంకెను 90లో మిగిలిన భాగంతో హెచ్చించి 90తో భాగించి కలపాలి. 15ను 40తో హెచ్చించి 90తో భాగిస్తే 6.7 వస్తుంది కాబట్టి ఆ కాలికి సుమారు 57 శాతం.

విశాఖలో ఈ తొమ్మిది అంశాలు ఉత్త కాగితం లెక్క కాదు. కొండవాలు కాలనీల్లో చాలా ఇళ్లకు మెట్లే దారి. మంచినీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, రేషన్ బియ్యం అన్నీ ఆ మెట్ల మీదుగానే పైకి వెళ్లాలి. మెట్లు ఎక్కలేని మనిషికి అక్కడ ఇల్లే జైలు.

ఈ కొలతలో తరచుగా జరిగే పొరపాట్లు మూడున్నాయి. మొదటిది ఎక్స్‌రే. పడుకోబెట్టి తీసిన మోకాలి ఎక్స్‌రేలో కీలు మధ్య ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది. ఒంటి బరువు పడినప్పుడే అరుగుదల బయటపడుతుంది. నిలబెట్టి తీయించమని అడగాలి. రెండోది మోకాలి వంపు. మామూలుగా మోకాలు సుమారు 135 డిగ్రీలు వంగుతుంది. భారీ కాయంలో తొడ, పిక్క ఒకదానికొకటి ఆనుకుని 95 దగ్గరే ఆగిపోవచ్చు. కీలు బాగానే ఉంది కదా అని దాన్ని వదిలేసే డాక్టర్లున్నారు. కాలు వంగకపోతే మనిషి గొంతుక్కూర్చోలేడు, కారణం ఎముకైనా కండైనా. ఎన్ని డిగ్రీల దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది అన్న రెండూ కాగితం మీద రాయించాలి. మూడోది తూకం. మామూలు తూకం యంత్రాలు చాలావరకు 120 నుంచి 150 కిలోల దాకానే చూపిస్తాయి. అంతకు మించితే అంచనాగా ఏదో అంకె వేసేస్తారు. ఏడాది తర్వాత తగ్గారా పెరిగారా అని చెప్పడానికి ఆధారమే ఉండదు.

ఇంతవరకూ మోకాళ్లు అరిగిన మనిషి సంగతి. ఇప్పుడు అదే బరువున్న మరో మనిషిని తీసుకుందాం. మోకాళ్లు ఓ మాదిరిగా ఉన్నాయి. కానీ పొట్ట, ఛాతీ చుట్టూ ఉన్న కొవ్వు ఊపిరితిత్తులను పూర్తిగా విచ్చుకోనివ్వదు. రాత్రి గురక మధ్యలో పది సెకన్లకు మించి ఊపిరి ఆగిపోతుంది, గంటకు 30సార్లకు పైగా. పగలు మెలకువగా ఉన్నప్పుడు కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి దాని పీడనం 45 మిల్లీమీటర్లు దాటుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ కూర్చున్నచోటే కునుకు పడుతుంది. పది మెట్లు ఎక్కితే ఆయాసం. కాళ్లు నీరు పట్టి ఉబ్బుతాయి. ఈయన బోర్డు ముందుకెళ్తే ఎంత శాతం వస్తుంది? సున్నా.

దీనికి డాక్టర్లను తిట్టి లాభం లేదు. చట్టం షెడ్యూల్‌లోనే చలన వైకల్యం అంటే ఎముకలు, కండరాల వ్యవస్థ లేదా నాడీ వ్యవస్థ దెబ్బతినడం వల్ల వచ్చినదని నిర్వచనం ఉంది. మెట్లు ఎక్కలేకపోవడానికి కారణం ఊపిరైతే ఆ గడిలో మార్కు వేయడానికి వీల్లేదు. ఊపిరితిత్తుల వైకల్యం, గుండె వైకల్యం 21లో లేనే లేవు. తీవ్ర స్థూలకాయంలో మనిషిని ముందుగా పడగొట్టేవి చాలాసార్లు ఈ రెండే. నేను నిబంధనలు సగంలో ఆగాయన్నది దీని గురించే.

ఈ ఖాళీ పూడ్చడం అసాధ్యమేమీ కాదు. మన రాష్ట్రమే దారి చూపించింది. రెండు కాళ్లకూ నాలుగో దశ బోదకాలు ఉన్నవాళ్లకి పింఛను ఉంది. బోదకాలు 21లో లేదు. కిడ్నీ జబ్బు కూడా 21లో లేదు. అయినా శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ప్రబలిన ఉద్దానం గోడు విన్నాక, డయాలసిస్ చేయించుకునేవాళ్లకే కాకుండా, కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్షలో సీరం క్రియాటినిన్ 5 దాటినవాళ్లకి కూడా పింఛను ఇస్తున్నారు. ఇప్పుడది నెలకు 10,000. అంటే కేంద్రం జాబితాలో లేని జబ్బుకు, ఒక పరీక్ష అంకెను గీతగా పెట్టి, రాష్ట్రం జీవో ద్వారా పింఛను ఇవ్వగలదని తేలిపోయింది. కేంద్రం కూడా చట్టం మార్చకుండానే షెడ్యూల్‌లో కొత్త వర్గాన్ని నోటిఫై చేయవచ్చు. ఆ అధికారం షెడ్యూల్ చివరి పద్దులోనే రాసి ఉంది.

జీవోలో ఏం ఉండాలో నా అభిప్రాయం చెప్తాను. స్థూలకాయం అన్న పేరే అక్కర్లేదు. "దీర్ఘకాలిక శ్వాస, హృదయ వైఫల్యం వల్ల రోజువారీ పనులు చేయలేనివారు" అంటే చాలు. క్షయ తగ్గాక ఊపిరితిత్తులు పాడైనవాళ్లు, దుమ్ములో పనిచేసి ఊపిరి పోగొట్టుకున్న కార్మికులు కూడా అందులోకి వస్తారు. కొలత మూడు మెట్లు. మొదట మామూలు రక్త పరీక్షలో బైకార్బనేట్, అంటే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే పెరిగేది. అది 27 కంటే తక్కువుంటే ఈ శ్వాస వైఫల్యం ఉండే అవకాశం చాలా తక్కువ, అక్కడితో ఆపేయవచ్చు. 27కి చేరినా దాటినా మణికట్టు ధమని నుంచి రక్తం తీసి వాయువులు చూడాలి. ఆ తర్వాత 30 మీటర్ల సమతల వరండాలో ఆరు నిమిషాల నడక పరీక్ష, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి. పెద్దాస్పత్రిలో ఛాతీ విభాగం చేయగలిగిన పనులే ఇవి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. గురక జబ్బు ఉన్న ప్రతి ఒక్కరికీ పింఛను అక్కర్లేదు. రాత్రి ఊపిరి ఆగకుండా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషీన్ పెట్టుకుంటే మామూలుగా పనికి వెళ్లగలిగే మనిషికి ఇవ్వాల్సింది మెషీన్. అది ఇవ్వకుండా పింఛను ఇచ్చినా, రెండూ ఇవ్వకపోయినా అన్యాయమే.

"తిని పెంచుకున్న ఒంటికి సర్కారు సొమ్మా?" అన్న మాటకు జవాబు చెప్పి తీరాలి, ఎందుకంటే బోర్డు గదిలో పైకి అనకపోయినా మనసులో అనుకునేవాళ్లుంటారు. తాగి బండి నడిపి కాలు పోగొట్టుకున్న మనిషికి మన చట్టం సర్టిఫికెట్ ఇస్తుంది. తప్పెవరిదని అడగదు. డెన్మార్క్‌లో పిల్లల సంరక్షకుడిగా పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న ఒక స్థూలకాయుడి కేసులో యూరప్ న్యాయస్థానం 2014 డిసెంబర్ 18న ఇదే చెప్పింది. స్థూలకాయం దానంతట అది వైకల్యం కాదు. దానివల్ల మిగతావాళ్లతో సమానంగా పనిచేయడానికి దీర్ఘకాలం అడ్డంకి ఏర్పడితే అది వైకల్యమే. ఆ స్థితి రావడంలో మనిషి పాత్ర ఎంత అన్నది లెక్కలోకి రాదు. పైగా స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువు పెంచుతాయి.

అమెరికా అనుభవం ఇంకా సూటిగా పనికొస్తుంది. అక్కడ సామాజిక భద్రతా సంస్థ ఒకప్పుడు ఎత్తుకు ఇంత బరువని పట్టిక పెట్టుకుని, దానికి తోడు కీళ్ల నొప్పి, బీపీ లాంటివేవైనా ఉంటే వికలాంగుల భృతి ఇచ్చేది. 1999 అక్టోబరులో ఆ పద్దు తీసేసింది. పట్టికలోని బరువును బట్టి మనిషి పని చేయలేడని చెప్పడం కుదరలేదు. అలాగని స్థూలకాయులకు తలుపు మూసేయలేదు. స్థూలకాయం మిగతా జబ్బులతో కలిసి మనిషి ఎంతసేపు నిలబడగలడు, ఎంత బరువు ఎత్తగలడు, ఎన్ని గంటలు పని చేయగలడు అన్నవాటిని ఎంత తగ్గించిందో కేసు కేసుగా చూడమని ఆ తర్వాత ఆదేశాలిచ్చింది.

"మరి బరువు తగ్గితే సర్టిఫికెట్ సంగతేంటి?" ఇది న్యాయమైన ప్రశ్న. మారే అవకాశమున్న వైకల్యానికి గడువుతో తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చే వీలు ఇప్పటికే ఉంది. స్థూలకాయానికి సరిపోయేది అదే, రెండేళ్లకోసారి తిరిగి చూడాలి. కానీ చికిత్స చేయించుకోలేదని పింఛను ఆపడానికి ముందు, ఆ చికిత్స అందుబాటులో ఉందా అని చూడాలి. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వారానికోటి చొప్పున 68 వారాలు తీసుకుంటే పెద్ద పరిశోధనలో సగటున 15 శాతం బరువు తగ్గింది. మనం చెప్పుకున్న 118 కిలోల మహిళ 100కి వస్తారు. బీఎంఐ ఇంకా 40 పైనే. మందు ఆపితే ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. అయినా ఆ 18 కిలోలు తక్కువ కాదు. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. పింఛను మందుకు అడ్డం కాకూడదు. బస్సు చార్జీకీ, పరీక్షలకీ ఆ 6,000 ఉంటేనే చికిత్స సాగే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి. పింఛనుకు, రిజర్వేషన్‌కు 40 శాతం కావాలి. పనిచోట తగిన వెసులుబాటు అడగడానికి అది అక్కర్లేదు. రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. దీర్ఘకాలిక శారీరక లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి మనిషిని వెనక్కి లాగితే చాలు, అతను చట్టం దృష్టిలో దివ్యాంగుడే. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు లాంటి ప్రభుత్వ సంస్థల్లో సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని సెక్షన్ 20 చెబుతోంది. నిచ్చెన ఎక్కే పని నుంచి కింది అంతస్తు పనికి మార్పు, బరువును ఆపే గట్టి కుర్చీ, నైట్ షిఫ్టు నుంచి మినహాయింపు రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే రికార్డు ఉండదు.

దరఖాస్తు పెట్టేవాళ్లకి చివరిగా. వార్డు సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకునే ముందు కాగితాలు సర్దుకోండి. "మార్బిడ్ ఒబేసిటీ" (తీవ్ర స్థూలకాయం) అని ఒక్క ముక్క రాసిన ప్రిస్క్రిప్షన్‌తో వెళ్తే ఖాళీ చేతులతో తిరిగొస్తారు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రే, కీళ్ల వంపు డిగ్రీల్లో, మెట్లు, గొంతుక్కూర్చోవడం, స్నానం లాంటి పనుల్లో ఏవి చేయలేరో డాక్టరు చేత రాయించిన కాగితం తీసుకెళ్లండి. ఊపిరి సమస్య ఉంటే ఆ రిపోర్టులూ పెట్టండి. ఈ రోజు వాటికి శాతం రాకపోయినా ఫైల్లో ఉండాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలన్నది నిబంధన, సెక్షన్ 59 కింద అప్పీలు ఉంది. ఊపిరి వల్ల పని ఆగింది, చట్టంలో గడి లేదు అని బోర్డులు ఎన్ని తిరస్కరణ పత్రాల మీద రాసిస్తే, జీవో కోసం వెళ్లేవాళ్ల చేతిలో అంత బలమైన ఆధారం ఉంటుంది. అందుకే తిరస్కరణ పత్రాన్ని కూడా పారేయకుండా దాచండి, మీ దివ్యాంగుల సంఘానికి ఒక జిరాక్సు ఇవ్వండి.